వేపచెట్టుకు నేను కట్టిన ఎర్రగుడ్డ

చెట్ల గురించి మాట్లాడితే నాకు కోపం వస్తుంది, ముందే చెబుతున్నాను. కోపం చెట్ల మీద కాదు. చెట్టు కింద చేతులు నడుముకు పెట్టుకొని నిలబడి, ముప్పై అడుగుల ఎత్తున వేలాడుతున్న నాకు పని నేర్పేవాళ్ళ మీద. "గది కొట్టు, గిది కొట్టు, గింత మిగిలిస్తె ఎట్ల" అని కింది నుంచి అరుస్తూనే ఉంటారు. వాళ్ళలో ఒక్కరైనా పుట్టి బుద్ధెరిగాక చెట్టెక్కి ఉండరు.

కరీంనగర్‌లో ఇళ్ళ ముందరి చెట్లకు కొమ్మలు కత్తిరించడం నా వృత్తి. మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మా బాపు పెద్దపల్లి దగ్గరి పల్లెలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావు తాడును మోకు అంటారు, దాన్ని పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తాటిచెట్టుకు కొమ్మలుండవు కాబట్టి మోకు పైదాకా జరుగుతూ పోతుంది. వేపకూ మామిడికీ అలా కాదు. ప్రతి కొమ్మ దగ్గరా మోకు విప్పాలి, కొమ్మ దాటాలి, మళ్ళీ చుట్టుకోవాలి. ఆ విప్పి కట్టుకునే నిమిషంలోనే మనిషి పోయేది. అందుకని రెండో తాడొకటి ఎప్పుడూ పై కొమ్మ మీదుగా వేసి ఉంటుంది, దాని కొస కింద భాయ్ చేతిలో ఉంటుంది. భాయ్ నాతో మొదటి నుంచీ పనిచేస్తున్న మనిషి, నా ఈడువాడే. ఆయన మాట్లాడేది తక్కువ, తాడు వదిలేది అంతకంటే తక్కువ.

మా ఊళ్ళో జనానికి కత్తిరింపు అంటే ఒకటే తెలుసు, గుండు. లోపలి కొమ్మలు నాలుగు తీసి పలచన చేస్తే గాలి దూరిపోతుంది, చెట్టు నిలబడుతుంది అంటే వినరు. మొండాలు మిగిలేలా నరికించుకుంటారు. ఆ మొండాల్లోకి వాన నీళ్ళు దిగి లోపల పుచ్చుతుంది. పైన సన్న కొమ్మలు గుంపుగా లేస్తాయి, వాటికి పట్టు ఉండదు, రెండేళ్ళకు గాలికి విరిగి ఎవరి కారు మీదో పడతాయి. అప్పుడు మళ్ళీ నాకే ఫోను. "అన్నా, చెట్టు సక్కగ లేదు, మొత్తం తీసెయ్." చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది గానీ గుండ్లు ఆగలేదు.

ఒక్కటి ఆపాను. ఎలా ఆపానో, ఆపి ఏం వెలగబెట్టానో చెప్పుకోకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జగిత్యాల రోడ్డు వైపు ఒక కాలనీ. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన సారు ఒకాయన కొత్తగా రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి మూలకు వేపచెట్టు, ఇంటికంటే వయసులో చాలా పెద్దది. దాని పెద్ద కొమ్మ ఒకటి గోడ దాటి పక్క జాగాలోకి వెళ్ళింది. అక్కడ రెండు రేకుల గదులు. హుజూరాబాద్‌లో ఉండే ఎవరివో ఆ గదులు, ఒక బీడీలు చేసే ఆమె తన బిడ్డతో అద్దెకుంటోంది. మనిషికి నలభై ఉంటాయి. బిడ్డ తొమ్మిదో తరగతి.

ఎండాకాలం మా దగ్గర రేకుల కింద కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాళ్ళకే తెలుసు. పదకొండు దాటితే గదిలో నిలబడలేము. బీడీ ఆకు తడి ఆరితే చుట్టడానికి రాదు, వేళ్ళ మధ్యే పగిలిపోతుంది. ఆ కొమ్మ నీడ రేకుల మీదా, ముందరి వాకిట్లోనూ పడేది. ఆమె అక్కడే చాట ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. నీడ ఉందని చుట్టుపక్కల బీడీలు చేసే ఆడవాళ్ళు మరో నలుగురు వచ్చి చేరేవాళ్ళు. కొమ్మ పోతే హోళీ నుంచి వానలు పడేదాకా ఆ గది ఉన్నా లేనట్టే. ఇది చూడగానే నాకు అర్థమైంది. ఆమె ఒక్క మాట కూడా అడగలేదు, తలెత్తి చూసి మళ్ళీ చుట్టుకుంటూ కూర్చుంది.

సారు పిలిచింది కొమ్మ తీయడానికి కూడా కాదు, మొత్తం మొదలుకాడికి కొట్టేయడానికి. వాస్తు చూసినాయన చెప్పాడట.

"ఈశాన్యంల బరువు ఉండొద్దన్నడు. కొట్టెయ్."

"సారూ, ఇల్లు కట్టకముందు నుంచి ఉన్న చెట్టు. పలచన చేస్త, మీ దిక్కు ఆకు రాలకుండ చేస్త. పక్కోళ్ళకు జర నీడ ఉంటది."

"పక్కోళ్ళ నీడ కోసం నేను చెట్టు పెంచుతున్ననా?"

గంటసేపు వాదించాను. వేర్లు తెగితే గోడ పగుళ్ళిస్తుందన్నాను, ఎండ గోడకు కొట్టి ఇల్లు కాలిపోతుందన్నాను, బతిమాలాను కూడా. ఆయన టైల్స్ మీద రాలిన వేపపూత చూపించి "గీ చెత్త ఎవలు ఊడ్వాలె" అన్నాడు. చివరికి, "నువ్వు కొట్టకపోతె చెప్పు, రేప్పొద్దున గొడ్డలోళ్ళను పిలుస్త" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కాను. ఆ పెద్ద కొమ్మ మొదట్లో, మానుతో కలిసే చోట కూర్చున్నాను. నా సంచిలో ఒక ఎర్రగుడ్డ ఉంటుంది. కొమ్మలు దించేటప్పుడు దారిన పోయేవాళ్ళు కిందికి రాకుండా రోడ్డు మీద తాడుకు కడతాం. ఎండకు వెలిసి, అంచులు పీలికలై ఉంటుంది. ఏం ఆలోచించానో నాకే తెలియదు. దాన్ని తీసి కొమ్మకు రెండు ముళ్ళేసి కట్టి దిగిపోయాను.

"సారూ, నేను ముట్ట. పైన ఎర్రగుడ్డ ఉన్నది. ఎవలు కట్టిండ్రో, ఎన్నడు కట్టిండ్రో. పాతదే ఉన్నట్టున్నది."

ఆయన మొహం మారలేదు గానీ, గుమ్మంలో నిలబడ్డ ఆయన భార్య మొహం మారింది. లోపలికి పోయి పసుపు, కుంకుమ తెచ్చింది. మానుకు రాస్తూ, "గిన్ని దినాలు కనవడలే తల్లీ, తప్పు కాయి" అంది. సారు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, "ఇగ ఇడ్సిపెట్టు" అన్నాడు. గంట వాదన చేయలేని పనిని మూరెడు గుడ్డ చేసింది. వాస్తు ఆయన కూడా తర్వాత వచ్చి, ఈశాన్యంలో అమ్మవారుంటే మంచిదేనని చెప్పి పోయాడట.

బండి మీద వస్తుంటే భాయ్ వెనక నుంచి అన్నాడు, "గట్ల చేయొద్దుండె భాయ్. రేపు నువ్వే కాదన్నా ఇనరు."

"ఇనకుంటె మంచిదే కద" అని నవ్వాను. నవ్వడమే కాదు, చాయ్ హోటల్లో పది మందికి చెప్పుకున్నాను. ఇరవై ఏళ్ళలో జనాన్ని గెలిచింది ఆ ఒక్కసారే అనుకున్నాను. అంత తెలివితక్కువ పని నా జన్మలో ఇంకోటి చేయలేదు.

ఆరు నెలల్లో చెట్టు చుట్టూ గద్దె లేచింది. మట్టి నింపి, మానుకు మోకాలెత్తు దాకా సిమెంటు పూసి, పైన టైల్స్ వేయించారు. సారే దగ్గరుండి చేయించాడు. వేపపూత చెత్త అన్న మనిషే పొద్దున్నే చీపురు పట్టుకొని గద్దె ఊడుస్తున్నాడు. నా గుడ్డను రంగులేసే ఒకతనితో కిందికి దింపించి అందరికీ కనబడేలా మానుకు కట్టించారు. దాని మీద ఇంకో పది గుడ్డలు, గంటలు వేలాడేయడానికి నాలుగు మేకులు. శుక్రవారం ఆ వీధిలో కొబ్బరికాయ కొట్టని ఇల్లు లేదు. నేను ఆ దారిన పోయినప్పుడు ఆగి చెప్పాను, మానుకు గాలి ఆడాలి, సిమెంటు తీయండి, మొదలు నానిపోతుంది అని. "పూజ జరిగే కాడ రంపపోళ్ళ ముచ్చటెందుకన్నా" అని ఎవరో అన్నారు. నేను కట్టిన గుడ్డ దగ్గర నాకే మాట లేకుండా పోయింది.

రెండేళ్ళు గడిచాయి. ఏప్రిల్ నెలలో అదే వీధిలో మూడో ఇంట్లో మామిడిచెట్టు పని పడింది. పని మధ్యలో ఊరికే అటు చూశాను. వేప పెద్ద కొమ్మ మొదట్లో నల్లటి చార కిందికి కారి ఉంది. దగ్గరికి వెళ్తే తెల్లటి పుట్టగొడుగులు. గద్దె లేవకముందు ఎప్పుడో కరెంటు తీగల కోసమని అక్కడ పక్క కొమ్మ నరికి జానెడు మొండెం వదిలేశారు. దాన్ని నేను అప్పుడే సరిచేయాల్సింది. గుడ్డ కట్టి దిగిపోయాను కదా, సరిచేసేదెక్కడ. పొడుగు వెదురుతో తట్టి చూస్తే డొల్ల చప్పుడు. మానుతో కలిసే చోట బెత్తెడు చీలిక. కొమ్మ నా రెండు చేతులు చుట్టినా అందనంత లావు. సరిగ్గా దాని కింద బీడీలు చేసే ఆమె గది. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు గాలిదుమారం లేస్తే రేకులు లేచిపోతాయి, స్తంభాలు వంగిపోతాయి. ఆ కొమ్మ ఆగే ప్రశ్నే లేదు.

సారు దగ్గరికి పరుగెత్తాను.

"సారూ, గా కొమ్మ తీయాలె. ఇయ్యాల కాదంటె రేపు. చెట్టును ఏం చేయ, గా ఒక్క కొమ్మనే."

"గది మనం ముట్టేది కాదు."

"పడితె కింద ఇద్దరు ఆడోళ్ళు సచ్చిపోతరు సారూ."

"అమ్మవారు పడనిస్తదా?"

ఇక లాభం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. గుడ్డ నాదే, రోడ్డు మీద కట్టేది, చెట్టు కొట్టకుండా ఆపడానికి నేనే కట్టాను, అమ్మవారు లేదు ఏమీ లేదు, తప్పు నాదే, కావాలంటే రెండు దెబ్బలు వేయండి అన్నాను. ఆయన శాంతంగా విన్నాడు. కొండగట్టు నుంచి తెచ్చిన సింధూరం నుదుటన ఉంది. నవ్వాడు కూడా.

"పిచ్చోడా, నీతోని ఎవలు కట్టించిండ్రు గది? నీ అంతట నువ్వే కడితివా? ఆమెనే కట్టించుకున్నది."

ఏం చెప్తారు దీనికి? చెప్పండి. అబద్ధం చెబితే గుడి కట్టినంత పని చేశారు, నిజం చెబితే పిచ్చోడన్నారు. ఆయన భార్య నాకు ప్రసాదం పెట్టి పంపింది. కొబ్బరిముక్క చేతిలో పట్టుకొని రోడ్డు మీద నిలబడితే నాకు ఏడుపొక్కటే తక్కువ.

బీడీలు చేసే ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె, మిగతా నలుగురూ నీడలోనే ఉన్నారు. ఆమెను ఒక్కదాన్నే పక్కకు పిలిచి కొమ్మ చూపించాను. గాలి లేస్తే గదిలో ఉండొద్దన్నాను.

"గాలి లేస్తె ఇంట్లకే కదన్నా ఉరికేది. ఇంకేడికి పోవాలె?" అంది.

గుడ్డ సంగతి కూడా చెప్పాను. నీ నీడ పోవద్దనే చేశాను చెల్లె అన్నాను. ఆ మాట అనేటప్పుడు ఎక్కడో ఒక మూల, ఆమె నన్ను మెచ్చుకుంటుందనే ఆశ ఉండింది. ఉండింది, దాచడమెందుకు.

ఆమె తలతిప్పి గద్దె మీది గుడ్డల వైపు చూసింది. తర్వాత అడిగింది, "రెండేండ్ల సంది శుక్రవారం శుక్రవారం ఉపాసముంటున్న. గా గుడ్డకా?"

అవును చెల్లె అన్నాను.

"నన్ను ఒక్క మాట అడిగితివా? గీ గుబులుతోని నీడ కావాల్నా, వద్దా అని. నేను ఆనాడే ఇంకో రూం చూసుకుందును."

తిరిగి వాకిట్లోకి పోయి, మిగిలిన కట్టకు దారం చుట్టి, చాట గోడకు ఆనించి, చేతులు కడుక్కుంది. నేరుగా వెళ్ళి చెప్పులు విప్పి గద్దె ఎక్కింది. ఏం చేయబోతోందో నాకు అర్థమయ్యేసరికి మొదటి ముడి విప్పేసింది. ఒక్కో గుడ్డ విప్పి మడతపెట్టి, గంటలు తీసి, అన్నీ అక్కడి హారతి పళ్ళెంలో పెట్టి గద్దె పక్కన పెట్టింది. వీధి ఆడవాళ్ళంతా గేట్లలోకి వచ్చారు. సారు బయటికి వచ్చి "ఏ, ఏం చేస్తున్నవ్" అన్నాడు గానీ, పళ్ళేన్ని ముట్టడానికి ఆయనకే భయం. ఆమె మానుకు చేయి ఆనించి, అందరికీ వినబడేలానే అంది, "తల్లీ, కోపమొస్తె నా మీదనే రా. కొమ్మ ఎట్లయిన పడేది నా ఇంటి మీదనే." దిగి, నాతో "ఇగ కొయ్యి" అంది.

కోశాను. ఇరవై ఏళ్ళలో అంత జాగ్రత్తగా ఏ కొమ్మా కోయలేదు. చివరి నుంచి మొదలుపెట్టి ముక్కలు ముక్కలుగా, ముందు కింది నుంచి కొంచెం గాటు, తర్వాత పైనుంచి కోత, ప్రతి ముక్కా తాడుకు కట్టి భాయ్ చేతికి. రేకు మీద ఒక పుల్ల కూడా పడలేదు. చివరి ముక్క దిగాక చూస్తే నడుమంతా నల్లటి పొట్టు, పిడికిలి దూరేంత బొర్ర. దాన్ని ఎత్తి పట్టుకొని వీధికంతా చూపించాను. "చూడుండ్రి, గిది పడకపోవునా?" ఎవరూ చూడలేదు. వాళ్ళందరూ ఆమెనే చూస్తున్నారు.

పన్నెండు రోజులకు ఆమె బిడ్డకు ఒంటి నిండా పొక్కులు లేచాయి. మా దగ్గర దాన్ని అమ్మవారు పోసింది అంటారు. ఆ ఎండాకాలం ఊళ్ళో ఎంతో మంది పిల్లలకు పోసింది, నా తమ్ముడి కొడుక్కూ పోసింది. కానీ ఆ వీధిలో పోసింది ఆ ఒక్క పిల్లకే. ఇంకేం కావాలి వాళ్ళకు? మునుపు నీడలో కూర్చున్న నలుగురూ ఆమెతో మాట్లాడటం మానేశారు. నీళ్ళ పంపు దగ్గర ఆమె బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు జరుపుకున్నారట. హుజూరాబాద్ నుంచి గదుల ఓనరు ఫోను చేసి, పిల్లకు తగ్గగానే ఖాళీ చేయమన్నాడు.

నేను ఊరుకోలేదు. గడప గడపకూ తిరిగాను. గుడ్డ కట్టింది నేను, కొమ్మ కోసింది నేను, అమ్మవారికి కోపమొస్తే నాకు రావాలి కదా, నాకు కనీసం జలుబైనా చేయలేదు చూడండి అన్నాను. ఒక పెద్దావిడ నా చేయి పట్టుకొని, "నువ్వు మంచోనివి బిడ్డా, ఆమెను కాపాడనీకె గిట్ల చెప్తున్నవ్" అంది. ఇంకో ఇంట్లో, మా మామిడిచెట్టు ఎప్పుడు కత్తిరిస్తావని అడిగారు. నా మీద ఒక్కరికీ కోపం లేదు. తిట్టినా బాగుండేది. సారు గద్దె మీద మళ్ళీ గుడ్డలు కట్టించి, శాంతి చేయించాడు.

పిల్లకు తగ్గింది. వాళ్ళు ఊరి చివరికి మారారని భాయ్ కనుక్కొని చెబితే, మే నెల చివర్లో వెళ్ళాను. చుట్టూ ఖాళీ ప్లాట్లు, మధ్యలో ఒక రేకుల గది. కనుచూపు మేరలో చెట్టన్నది లేదు. పదకొండు కూడా కాలేదు, రేకులు చిటచిటమంటున్నాయి. ఆమె గుమ్మంలో తడిపిన గోనెసంచి వేలాడదీసుకొని దాని వెనక కూర్చుంది. ఆకు మీద తడిగుడ్డ కప్పి, ఒక్కో ఆకు తీసి గబగబా చుడుతోంది. పిల్ల మొహం మీద మచ్చలు ఇంకా పోలేదు. నాకు మంచినీళ్ళు ఇచ్చింది.

నీళ్ళు తాగి గది చుట్టూ తిరిగి చూశాను. పడమటి వైపు జాగా ఉంది, నేల మెత్తగానే ఉంది.

"చెల్లె, వానలు పడంగనె గీడ ఒక కానుగ మొక్క తెచ్చి పెడత. మూడేండ్లల్ల నీడ వస్తది. నీళ్ళు గూడ నేనే వచ్చి పోస్త" అన్నాను.

ఆమె చేతిలోని బీడీ చివర మడిచి, దారం చుట్టి, చాటలో వేసింది. ఇంకో ఆకు తీసుకుంది.

"వద్దన్నా" అంది. "చెట్టుంటె మళ్ళ నువ్వొస్తవ్."

నవ్వుతూ అందేమోనని మొహంలోకి చూశాను. నవ్వడం లేదు.